యాసిడ్ పోసే ట్యాంకుకు ముద్ర అక్కరలేదా?

తెల్లవారుజామున పాలకొల్లు - భీమవరం రోడ్డు మీద ఒక గంటసేపు నిలబడి వచ్చేపోయే బండ్లను చూసినవారికి ఈ వ్యాసం చదవవలసిన అవసరం వుండదు. రొయ్యల మేత బస్తాలు, ఐసు, కొబ్బరికాయలు, ధాన్యం. వీటి మధ్య నీలం రంగు డ్రమ్ములు. చిన్న ట్రాలీ ఆటోలో నాలుగైదు డ్రమ్ములు నిలబెట్టి, చుట్టూ కొబ్బరితాడు బిగించి, ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యలో ఎండుగడ్డి కుక్కి, పైన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి తోలుకుపోతుంటారు. డ్రమ్ములో ఏముందో ఆ కుర్రవాడికి తెలియదు. చాలాసార్లు డ్రైవరుకూ తెలియదు. అడిగితే "మందండి" అంటాడు. మన ప్రాంతంలో మందు అన్న ఒక్క మాటలో ఫార్మలిన్ వుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ వుంది, హైడ్రోక్లోరిక్ యాసిడ్ వుంది, బ్లీచింగు వుంది, పురుగుమందు వుంది. ఇంకొక మందు కూడా వుందనుకోండి. దాని రవాణా మీద ప్రభుత్వంవారికి వున్న శ్రద్ధలో నాలుగో వంతు మిగిలిన వాటి మీద వుంటే ఈ నాలుగు మాటలు రాయవలసిన పని లేకపోను.

రోడ్డు పక్కనే కాలువ. డెల్టాలో రోడ్డూ కాలువా కవల పిల్లల్లాగా కలిసి పోతుంటాయి. పట్టణాలకూ పల్లెలకూ తాగునీరు ఈ కాలువలదే. వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీటి చెరువులు నింపుకుంటాము, మళ్ళీ నీరు వదిలేదాకా అదే తాగుతాము. ఆ నింపుకునే రోజుల్లో మలుపు దగ్గర ఒక ట్రాలీ బోర్లాపడి రెండు డ్రమ్ముల ఫార్మలిన్ కాలువలో కలిసిందనుకోండి. ఏ ఊరి తూము ముందు మూయాలి, ఎవరు మూయాలి? ఈ ప్రశ్న వేసి చూడండి. జవాబు వచ్చేలోగా నీరు నాలుగు ఊళ్ళు దాటిపోతుంది.

ఈ సంగతి మీద నాకు శ్రద్ధ కలగడానికి కారణం మా బావ. యలమంచిలి వైపు ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. రెండేళ్ళ క్రితం ఆయనా, గట్టు పక్క రైతులు మరికొందరూ కలిసి, విడివిడిగా క్యాన్లు కొనుక్కునే బదులు పెరాక్సైడును ఒకేసారి తెప్పించుకుంటే కలిసివస్తుందని లెక్క వేశారు. చెరువులో ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలుతున్న రాత్రి ఈ పెరాక్సైడే ఆదుకుంటుందని రైతులకు తెలుసు. దానికి వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి కావలసి వచ్చింది. ఇనుప పంజరంలో కూర్చోబెట్టిన తెల్ల ప్లాస్టిక్ ట్యాంకులను మీరు చూసే వుంటారు. అడుగున చెక్క బల్లో ఇనుప బల్లో, కింద ఒక వాల్వు, పైన పెద్ద మూత. కంపెనీలవారు వీటిని ఐ.బి.సి. అంటారు. కొత్తది కొనాలంటే గట్టి ధరే. పాతదైతే సగానికి సగం తక్కువ. "పాతదైతేనేం బావా, కారకపోతే చాలుగా" అని నన్నూ వెంటబెట్టుకుని విజయవాడ వైపు ఒక పాత సామాన్ల యార్డుకు తీసుకుపోయాడు.

యార్డు నిండా ట్యాంకులే. యజమాని మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. "ఆవిరి పెట్టి కడిగించామండీ. పాలు పోసుకున్నా ఏం కాదు బాబుగారూ" అన్నాడు. ఆ ట్యాంకుల్లో అంతకుముందు ఏం వుండేదని అడిగితే, "ఏవో కెమికల్సండీ, అన్నీ ఒకటే" అన్నాడు. పంజరానికి ముందువైపు వుండవలసిన రేకు పలక మీద వెండిరంగు పెయింటు దట్టంగా పూసి వుంది. తాళంచెవితో గీకితే కొన్ని అక్షరాలు బయటపడ్డాయి గాని పూర్తిగా చదవడానికి కుదరలేదు. అయితే పెయింటు వేసినవారు ఒకటి మరచిపోయారు. లోపలి ప్లాస్టిక్ ట్యాంకు పైభాగాన చిన్న గడియారంలాంటి గుర్తు ఒకటి అచ్చులోనే పడి వుంటుంది. మధ్యలో సంవత్సరం, చుట్టూ నెలలు, నెల చూపించే బాణం. దాన్ని బట్టి చూస్తే ఆ ట్యాంకు తయారై అప్పటికి ఏడేళ్ళు దాటింది.

"ఏడేళ్ళయితే ఏమండీ, రాయిలాగా వుంది" అన్నాడు యజమాని. చేత్తో కొట్టి చూపించాడు కూడా. నిజమే, కారడం లేదు. అసలు చిక్కంతా ఇక్కడే వుంది. ఇవాళ ఖాళీగా నీడన నిలబడి కారని ట్యాంకు, రేపు సరుకుతో నిండి, గుంతల రోడ్డు మీద, నడివేసవి ఎండలో కారదని ఎవరు చెప్పాలి? ఆ మాట చెప్పేదే ముద్ర.

ముద్రలో ఏముంటుంది?

ప్రమాదకరమైన సరుకులను ఎందులో పోయాలి, ఎలా పంపాలి అన్న విషయమై ఐక్యరాజ్యసమితి నిపుణుల సిఫార్సులు మొదట 1956లో వెలువడ్డాయి. అప్పటినుంచి వాటిని సవరిస్తూ వస్తున్నారు. అట్ట రంగును బట్టి వాడుకలో దీన్ని నారింజ పుస్తకం అంటారు. ఆ పుస్తకం ప్రకారం ప్రతి రసాయనానికి నాలుగంకెల నంబరు ఒకటి వుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1789. మన ఐసు ఫ్యాక్టరీలలో వాడే అమ్మోనియా 1005. ఇరవై శాతానికి మించి అరవై వరకు వున్న పెరాక్సైడ్ 2014. డీజిలు 1202. ఆయిలు ట్యాంకరు వెనక నారింజ రంగు గడిలో ఈ అంకెలు చూసి, బండి నంబరేమో అనుకునేవారు మనలో చాలామంది.

సరుకుకు నంబరు వున్నట్టే పాత్రకూ ముద్ర వుంది. వలయంలో ఒకదాని కింద ఒకటిగా యు, ఎన్ అనే ఇంగ్లీషు అక్షరాలు. దాని పక్కన వరస. ఉదాహరణకు '31 హెచ్ ఎ 1' అని వుంటే, 31 అంటే ద్రవాలు పోసే గట్టి ట్యాంకు, హెచ్ అంటే లోపల ప్లాస్టిక్, ఎ అంటే బయట ఉక్కు పంజరం. ఆ తరువాత ఒక అక్షరం వుంటుంది. అసలు చూడవలసింది దాన్ని. ఎక్స్ అయితే మిక్కిలి ప్రమాదకరమైనవాటికి కూడా పనికివస్తుంది, వై అయితే మధ్యరకం, అంతకంటే తక్కువరకం వాటికి, జెడ్ అయితే తక్కువరకానికి మాత్రమే. ఆపైన తయారైన నెల, సంవత్సరం, దేశం పేరుకు గుర్తు (మనది ఐ.ఎన్.డి.), తయారీదారు గుర్తు, దాని మీద ఎంత బరువు పేర్చవచ్చో, సరుకుతో సహా ఎంత బరువు దాటకూడదో కిలోల్లో వుంటాయి. ఎన్ని లీటర్లు పడుతుంది, చివరిసారి కారుడు పరీక్ష ఎప్పుడు జరిగింది అన్నవి కూడా పలక మీదే వుండాలి.

ఈ అక్షరాలు ఊరికే కొట్టిన అచ్చు కాదు. ప్లాస్టిక్ ట్యాంకును సున్నాకు 18 డిగ్రీల దిగువకు చల్లబరచి, దాదాపు నిండా నింపి, గట్టి నేల మీద పడవేస్తారు. ఎక్స్ కావాలంటే 1.8 మీటర్ల ఎత్తునుంచి, వై అయితే 1.2 మీటర్లనుంచి, జెడ్ అయితే 0.8 మీటర్లనుంచి. పాలకొల్లులో అంత చలి ఎక్కడిదని అనవచ్చు. చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది కనుక, ఆ స్థితిలో నిలిచినది మామూలుగానూ నిలుస్తుందని. పేర్చిన బరువు ప్లాస్టిక్ మీదే పడే రకమైతే, తరువాత 40 డిగ్రీల వేడిలో 28 రోజులపాటు నెత్తిన బరువు పెట్టి వుంచుతారు. ఈ పరీక్ష మాత్రం సరిగ్గా మన మే నెల కోసమే పెట్టినట్టుంటుంది. లోపల గాలి ఒత్తిడి పెట్టి పది నిమిషాలు చూస్తారు, ఎక్కడైనా బుడగ వస్తుందేమోనని. ఇవన్నీ నెగ్గిన నమూనాకే ముద్ర.

ఆ ముద్ర కూడా కలకాలం చెల్లదు. ద్రవాల ట్యాంకుకు రెండున్నరేళ్ళకు ఒకసారి కారుడు పరీక్ష, పైపై తనిఖీ జరగాలి. లోపల ప్లాస్టిక్ వున్న ట్యాంకును ప్రమాదకర ద్రవాల రవాణాకు తయారైన నాటినుంచి అయిదేళ్ళకు మించి మామూలుగా వాడరాదు. గాఢమైన నైట్రిక్ యాసిడ్‌కైతే రెండేళ్ళే. ఎండకు, యాసిడ్‌కు, ఎత్తడం దింపడానికి ప్లాస్టిక్ లోలోపల చివికిపోతుంది. కంటికి తెలియదు. కొట్టి చూస్తే రాయిలాగే వుంటుంది.

డ్రమ్ముల సంగతీ అంతే. నీలం డ్రమ్ము అడుగునో పక్కనో '1 హెచ్ 1 / వై 1.9' అని వుంటే, నీటికంటే 1.9 రెట్లు బరువున్న ద్రవం వరకు మోయగలదని అర్థం. ఈ అంకెను మనవారు అసలు చూడరు. వెయ్యి లీటర్ల నీళ్ళు వెయ్యి కిలోలు. అదే ట్యాంకులో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే 1,840 కిలోలు. నీళ్ళతో నింపి బాగుందని చూసుకుని, ఆ ధైర్యంతో యాసిడ్ నింపేవారున్నారు. ఇక దాన్ని ఎక్కించే ముఠా కూలీల నడుముల మాట సరేసరి.

పెరాక్సైడుకు ఇంకొక పట్టింపు వుంది. అది కూర్చున్నచోట కూర్చుని నెమ్మదిగా నీరుగా, ఆక్సిజనుగా విడిపోతుంటుంది. 50 శాతం గాఢత వున్నది ఒక లీటరు పూర్తిగా విడిపోతే సుమారు 200 లీటర్ల వాయువు పుడుతుంది. అందుకే దాని మూతకు గాలి వదిలే ఏర్పాటు వుండాలి. మామూలు మూత బిగిస్తే ట్యాంకు కుంభంలా ఉబ్బుతుంది. లోపల తుప్పు పొడో, పాత రసాయనం మడ్డో వుంటే ఈ విడిపోవడం వేగం పుంజుకుంటుంది. "ఏవో కెమికల్సండీ, అన్నీ ఒకటే" అన్న మాట ఎంత ప్రమాదకరమైనదో దీన్నిబట్టి చూడండి. డ్రమ్ముల మధ్య కుక్కే ఎండుగడ్డి కూడా అంతే. గాఢమైన పెరాక్సైడ్ దాని మీద కారితే అగ్గిపుల్ల అక్కరలేకుండా అంటుకోవచ్చు. దెబ్బ తగలకుండా పెట్టిన మెత్తే చితి పేర్చినట్టవుతుంది.

చట్టం లేదా అంటే వుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 129నుంచి 137 వరకు అంకెల కింద అంతా రాసి పెట్టారు. సరుకు పంపేవారు దాని స్వభావమేమిటో రవాణాదారుకు తెలియజేయాలి. రవాణాదారు డ్రైవరుకు చెప్పాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన ట్రెమ్ కార్డు డ్రైవరు దగ్గర వుండాలి. బండికి నంబరు, గుర్తు, ఫోను వివరాలున్న పలక వుండాలి. ప్రమాదం జరిగితే డ్రైవరు దగ్గరలోని పోలీస్ స్టేషనుకు తెలపాలి. ఇలాంటి సరుకు తోలే డ్రైవరుకు విడిగా శిక్షణ వుండాలని 9వ నియమం చెబుతోంది. పెద్ద ట్యాంకర్లలో చాలావరకు ఇది అమలవుతున్నట్టే కనిపిస్తుంది. పెట్రోలు, గ్యాసు బండ్లకు పలకలుంటాయి, డ్రైవర్లకు కార్డులుంటాయి. ట్యాంకరులోంచి డ్రమ్ములోకి, డ్రమ్ములోంచి ట్రాలీలోకి దిగేసరికి చట్టమంతా ఆవిరైపోతుంది. సరుకు మాత్రం అదే.

ఒక చిత్రం చూడండి. ఇదే రసాయనం ఓడ ఎక్కి పరదేశం పోవాలంటే ముద్ర లేని డ్రమ్మును ఓడరేవులో కదలనివ్వరు. సముద్ర రవాణాకు సంబంధించిన ఐ.ఎం.డి.జి. కోడ్ 2004 జనవరి 1నుంచి అంతర్జాతీయంగా తప్పనిసరి అయింది. ఎగుమతి డ్రమ్ములను, ట్యాంకులను పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడానికి 1966లో ఏర్పాటైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ వుంది. రైల్వేవారికి కూడా ప్రమాదకర సరుకుల కోసం రెడ్ టారిఫ్ అని వేరే నిబంధనల పుస్తకం వుంది. విదేశీయుడి ఓడ మీద అంత జాగ్రత్త. మన కాలువ గట్టు మీద మాత్రం కొబ్బరితాడు. మన రొయ్య అమెరికా పోయేటప్పుడు దాని అట్టపెట్టె మీద అచ్చుతప్పు దొర్లినా ఊరుకోరు, ఆ రొయ్యను పెంచడానికి వచ్చిన యాసిడ్ డ్రమ్ము మీద ఒక్క అక్షరం లేకపోయినా అడగరు.

పాత కొంపల్లోని కిరసనాయిలు డబ్బాలను గుర్తుతెచ్చుకోండి. పై రేకు కోసి, కర్ర అడ్డంగా బిగించి, కావిడికి తగిలించి నీళ్ళు మోసేవారు. బియ్యం పోసుకునేవారు, తులసి మొక్క నాటేవారు. ఏ వస్తువునూ పారేయకపోవడం మనవారి పొదుపు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే కిరసనాయిలు ఒక మేలు చేసేది. కంపు కొట్టేది. వాసన పోయేదాకా కడిగి, ఎండబెట్టి వాడుకునేవారు. ముక్కే ఇన్‌స్పెక్టరు. ఇవాళ డ్రమ్ములో వచ్చే వాటిలో కొన్నింటికి వాసన ముక్కుకు తెలియదు, కొన్ని ప్లాస్టిక్ లోపలికే ఇంకిపోయి, సబ్బు పెట్టి తోమినా వదలవు, వారాల తరబడి కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంటాయి. ముక్కు ఉద్యోగం పోయింది. ఆ స్థానంలో వేరొకరిని వేయలేదు.

యార్డులో మేము బేరం తేల్చుకోకుండా లేచి వస్తుంటే, ఆ పక్కనే అలాంటి ట్యాంకులు రెండు ఒక వ్యానులోకి ఎక్కిస్తున్నారు. ఎక్కడికి అని అడిగాను. పెళ్ళిళ్ళకు సామాన్లు అద్దెకిచ్చేవారట. "భోజనాల దగ్గర నీళ్ళకండీ" అన్నాడు వ్యాను కుర్రవాడు. మా బావ నా మొహం చూశాడు. అప్పటిదాకా నేను చాదస్తంగా మాట్లాడుతున్నానన్నట్టున్న మనిషి, తిరుగు ప్రయాణంలో ఏలూరు దాటేదాకా మాట్లాడలేదు.

ఇది లేనిపోని భయమని అనుకునేవారికి రెండు సంగతులు చెప్పాలి. 2013 జులై 16న బీహారులో సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిన్నారు. 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వున్నట్టు పరీక్షల్లో తేలింది. నూనె పోసిన పాత్ర అంతకుముందు పురుగుమందుదని చెప్పారు. అంతకు చాలా ముందు, 1958లో, కేరళలో గోధుమపిండి, పంచదార తిన్నవారు వందమందికి పైగా చనిపోయారు. ఓడలో ఆ బస్తాల దగ్గరే ఫాలిడాల్ అనే పురుగుమందును వేసి తెచ్చారు. పాత్ర కారింది, బస్తాలు తడిశాయి, సరుకు దుకాణాలకు పోయింది. ఆ విషాదం మీద జరిగిన విచారణ ఫలితంగానే దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం వచ్చింది. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలను మళ్ళీ వాడకుండా పగలగొట్టి, నివాసాలకు దూరంగా పూడ్చాలని 1971 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అర్ధశతాబ్దం దాటింది. పొలం గట్టున పురుగుమందు డబ్బాతో బురద కాళ్ళు కడుక్కునే దృశ్యం ఎవరికి కొత్త?

కొబ్బరికాయల లారీల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన ఊరినుంచి కాయ ఉత్తరాదికి పోతుంది. లారీ ఖాళీగా తిరిగి రాదు, తిరుగు లోడు ఏదో ఒకటి వేసుకుంటారు. అది డ్రమ్ముల లోడైతే, బల్ల మీద ఏం కారిందో ఎవరూ కడగరు. మర్నాడు మళ్ళీ కాయో, ధాన్యమో. డెబ్బై ఏళ్ళ కిందట ఓడలో జరిగింది లారీలో జరగకూడదని ఎక్కడా రాసి లేదు.

ఇక మన జిల్లాలోనే, మొగల్తూరులో, 2017 మార్చి 30న రొయ్యల పరిశ్రమలో ట్యాంకులోకి దిగిన అయిదుగురు యువకులు విషవాయువుకు బలైపోయారు. అది రవాణా ప్రమాదం కాదు. 2020 మే 7న విశాఖపట్నం వెంకటాపురంలో 12 మందిని బలిగొన్న స్టైరీన్ కూడా రోడ్డు మీద పోతున్నది కాదు, ట్యాంకులో నిలవ వున్నది. అయినా వీటిని ఇక్కడ చెప్పడం ఎందుకంటే, రెండు చోట్లా మనిషి ట్యాంకు లోపల ఏం జరుగుతోందో తెలియకుండా దాని పక్కన నిలబడ్డాడు. ట్రాలీలో డ్రమ్ము మీద కూర్చున్న కుర్రవాడూ అలాగే కూర్చున్నాడు.

ఖర్చు మాట

"అన్నీ సర్టిఫికెట్లతో కొనాలంటే మాలాంటివాళ్ళ వల్ల అవుతుందా" అని చిన్న రైతులు అడుగుతారు. న్యాయమైన మాటే. రొయ్య ధర ఎప్పుడు పడుతుందో తెలియదు, మేత ధర మాత్రం పడదు. ఇందులో రైతునే దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మందు అమ్మేవారు లాభం తీసుకుంటున్నారు, పాత్ర బాధ్యత కూడా వారే తీసుకోవాలి. సరుకు పంపేవారిదే మొదటి బాధ్యత అని చట్టమే అంటోంది. ముద్ర వున్న ట్యాంకులో సరుకు ఇచ్చి, ఖాళీది తిరిగి పట్టుకుపోయి, గడువు తీరగానే తామే పగలగొట్టే పద్ధతి పెట్టుకుంటే రైతుకు ట్యాంకు కొనే పనే లేదు. గ్యాసు సిలిండరు మనం కొనడం లేదు కదా, డిపాజిట్టు కట్టి వాడుకుని ఖాళీది ఇచ్చేస్తున్నాం. దానికి పరీక్ష గడువు కూడా వుంది. పిడి దగ్గర ఎ, బి, సి, డి అక్షరం, సంవత్సరం చూసి తీసుకోమని మన ఆడవారికి తెలుసు. వంటింట్లో అలవాటైన పద్ధతి చెరువు గట్టుకు రాకపోవడానికి కారణం ఏమీ లేదు.

కొనక తప్పనివారు నలుగురు కలిసి కొనుక్కోవడం మేలు. కొనేటప్పుడు పలక మీద పెయింటు వుంటే ఇంక బేరం ఆడనక్కరలేదు, లేచి రావచ్చు. పలక కనిపిస్తే అక్షరం, నెల, సంవత్సరం చూసుకోవాలి, అది గడియారం గుర్తుతో కలుస్తోందో లేదో చూసుకోవాలి. లోపలి ట్యాంకు ఒకటి, పంజరం మరొకటి తెచ్చి జతచేసినవి కూడా వస్తుంటాయి. పరీక్ష సర్టిఫికెట్ నకలు అడగాలి. ఇవ్వడానికి అమ్మేవాడు నసిగితే సంగతి తెలిసినట్టే. ఇంతకుముందు ఏ సరుకు పోశారో కాగితం మీద రాసివ్వమనాలి, నోటి మాట చెల్లదు. యాసిడ్ పోసినదాంట్లో బ్లీచింగు ద్రావణం పోస్తే క్లోరిన్ లేస్తుంది, అది రైతు ప్రాణానికే ముప్పు. ట్యాంకును అంచుదాకా నింపరాదు, ఎండకు ద్రవం పొంగడానికి కాస్త చోటు వుండాలి. గట్టు మీద ఎండలో వదలకుండా తాటాకు పందిరైనా వేయాలి. వాడుక అయిపోయినదాన్ని తుక్కుకు అమ్మేముందు గునపంతో నాలుగు చోట్ల పొడిస్తే, ఆ ట్యాంకు ఇక ఏ పెళ్ళిపందిరికీ పోదు. దానివల్ల తుక్కు ధరలో తగ్గేది ఆ పెళ్ళిలో ఒక పూట తాంబూలాల ఖర్చంత కూడా వుండదు.

అధికారుల మాటకు వస్తే, కొత్త చట్టాలు అడగడం లేదు. వున్న నియమాలను ట్రాలీ ఆటోకు కూడా వర్తింపజేస్తే చాలు. తనిఖీలంటే హెల్మెట్టు, లైసెన్సుతో ఆగకుండా, డ్రమ్ములున్న బండిని ఆపి "ఇందులో ఏముంది, కార్డు ఏది" అని రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఏ దుకాణంలో, ఏ ఐసు ఫ్యాక్టరీలో, ఏ గిడ్డంగిలో ఏ సరుకు ఎంత నిలవ వుంటుందో ఒక జాబితా అగ్నిమాపక కేంద్రంలో వుంటే, 101కు ఫోను వచ్చిన రాత్రి సిబ్బంది నీళ్ళు కొట్టాలో, ఇసుక పోయాలో తెలుసుకుని బయలుదేరుతారు. కాలువ మీద ఎక్కడెక్కడ తూములున్నాయో, ప్రమాదం జరిగితే ఎవరికి ముందు ఫోను చేయాలో ఒక కాగితం మీద రాసి ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించవచ్చు. 1984 భోపాల్ తరువాత మనకు చట్టాలకు కొదవ లేదు. ప్రమాదకర సరుకులతో వ్యవహరించేవారు బాధితుల కోసం బీమా చేయించాలని 1991లో ఒక చట్టమే వచ్చింది. ఆ బీమా వుందో లేదో ఎవరైనా ఒక్క రోజు దుకాణాలన్నీ తిరిగి చూస్తే ఇంకొక వ్యాసానికి సరిపడా సంగతులు దొరుకుతాయి.

మా బావ బృందం చివరికి కొత్త ట్యాంకే కొన్నారు. వై అక్షరం వున్నది, గాలి మూత వున్నది. ఖర్చు ఎకరాల లెక్కన పంచుకున్నారు, అందుకు ఒకరిద్దరు ఇప్పటికీ గొణుగుతుంటారు. షెడ్డు గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాల్లో తయారైన నెల, రెండున్నరేళ్ళ గడువు, అయిదేళ్ళ గడువు రాసి పెట్టారు. ఆ రెండున్నరేళ్ళ గడువు రానున్న వేసవిలో తీరుతుంది. కారుడు పరీక్ష మన జిల్లాలో ఎక్కడ చేస్తారో, ఎవరిని అడగాలో ఆయనకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారు. తెలిసిన అధికారులు ఎవరైనా వుంటే, ఆ చిరునామా ఈ పేజీకి రాసి పంపగోరుతున్నాను. గట్టు పక్క రైతులు ఇంకా నలుగురైదుగురు అడుగుతున్నారు.